సర్వర్ మదర్‌బోర్డు మార్పిడి

సర్వర్ మదర్‌బోర్డు మార్పిడి అంటే పాడైన ప్రధాన బోర్డును తొలగించి, అదే మోడల్‌కు సరిపోయే బోర్డును అమర్చి, సర్వర్‌ను పాత గుర్తింపుతోనే తిరిగి పనిలోకి తేవడం. పవర్ సప్లై, ప్రాసెసర్, మెమరీలను విడివిడిగా పరీక్షించి, లోపం బోర్డులోనే ఉందని తేలాకే దీనికి పూనుకుంటారు.

విద్యుత్ కేబుళ్లన్నీ తీసి, స్థిరవిద్యుత్ నుంచి రక్షణగా మణికట్టుకు పట్టీ కట్టుకుని పని మొదలుపెడతారు. అన్నిటికన్నా సున్నితమైన భాగం ప్రాసెసర్ సాకెట్. 2016లో వచ్చిన ఇంటెల్ ఎల్‌జీఏ 3647 సాకెట్‌లో 3,647 సన్నని పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా మెమరీ చానల్ పనిచేయకపోవచ్చు, సర్వర్ అసలు బూట్ కాకపోవచ్చు. అందుకే ప్రాసెసర్‌ను కొత్త బోర్డులోకి మార్చగానే పాత సాకెట్‌కు దుమ్ము మూత తొడుగుతారు. ప్రాసెసర్‌పై ఎండిన థర్మల్ పేస్టును తుడిచి, కొత్తది రాసి, హీట్‌సింక్ స్క్రూలను తయారీదారు చెప్పిన క్రమంలో బిగిస్తారు.

బోర్డుతోపాటు సర్వర్‌ను గుర్తించే సర్వీస్ ట్యాగ్, లైసెన్సులు, బయాస్ సెట్టింగులు పోయే ప్రమాదముంది. డెల్ 2014లో విడుదల చేసిన 13వ తరం పవర్‌ఎడ్జ్ సర్వర్లలోని ఈజీ రిస్టోర్ వీటిని వేరే ఫ్లాష్ మెమరీలో దాచి, కొత్త బోర్డుకు అందిస్తుంది. భద్రతా చిప్ అయిన టీపీఎంలోని ఎన్‌క్రిప్షన్ కీలు మాత్రం ఇలా బదిలీ కావు. అందువల్ల విండోస్ ఎన్‌క్రిప్షన్ సదుపాయం బిట్‌లాకర్‌తో భద్రపరచిన డిస్కులు తెరవడానికి 48 అంకెల రికవరీ కీ ముందే చేతిలో ఉండాలి.