అప్పు తీర్చమంటే ధర్మశాస్త్రం తీశారు
వడ్డీ లేని బ్యాంకింగ్‌లో ఒప్పందాలు రాసే లాయర్లకు పాఠం నేర్పింది ఎగవేతదారులే

2004 జనవరి 28న లండన్ అప్పీలు కోర్టు ఒక బాకీ కేసు తేల్చింది. వాది బహ్రెయిన్‌కు చెందిన షామిల్ బ్యాంకు. ప్రతివాదులు బంగ్లాదేశ్‌లోని బెక్సిమ్‌కో గ్రూపు కంపెనీలు, వాటికి పూచీ పడినవారు. డబ్బు తీసుకున్న మాట వారు కాదనలేదు. తిరిగి కట్టనక్కర్లేదని మాత్రం వాదించారు. పైకి సరుకు అమ్మకంలా కనిపిస్తున్నా లోపల ఉన్నది వడ్డీ అప్పేననీ, ఇస్లాంలో వడ్డీ నిషిద్ధం కనుక ఒప్పందమే చెల్లదనీ వారి మాట. ఇస్లామిక్ బ్యాంకుకే షరియా పాఠం చెప్పారన్నమాట!

వాదనకు ఊతమిచ్చింది ఒప్పందంలోని ఒక్క వాక్యం. షరియా సూత్రాలకు లోబడి ఇంగ్లండ్ చట్టం వర్తిస్తుందని అందులో రాశారు. రెండింటికీ చోటిచ్చిన ఆ వాక్యమే బ్యాంకును కోర్టులో ఇరుకున పెట్టింది.

గోదాము తగలబడితే ఎవరి నష్టం?

బెక్సిమ్‌కో 1995లో కుదుర్చుకున్నది మురాబహా ఒప్పందం. ఇందులో బ్యాంకు అప్పు ఇవ్వదు, సరుకు అమ్ముతుంది. ఒక వ్యాపారికి 100 డాలర్ల పత్తి కావాలనుకుందాం. బ్యాంకు దాన్ని కొని, ఏడాది తర్వాత చెల్లించేలా 110 డాలర్లకు అతనికి అమ్ముతుంది. పది డాలర్లు వడ్డీ కాదు, లాభం.

ఈ తేడా అంతా కాగితాల వరసలోనే ఉంటుంది. తన సొంతం కాని సరుకును బ్యాంకు అమ్మకూడదు. చాలాసార్లు కొనుగోలుకు ఖాతాదారునే ఏజెంటుగా పెట్టుకుంటారు. కనుక ముందు ఏజెన్సీ పత్రం, తర్వాత కొన్న రసీదు, ఆపైనే అమ్మకపు ప్రతిపాదన, అంగీకారం. కొనడానికీ అమ్మడానికీ మధ్య గోదాము తగలబడితే నష్టం బ్యాంకుదే. ఆ నష్టభయం మోసింది కాబట్టే లాభం ధర్మబద్ధం. తేదీలు తారుమారైతే అమ్మకం కాస్తా అప్పుగా మారిపోతుంది. గడువు దాటితే వేసే జరిమానాను కూడా బ్యాంకు మామూలుగా తన ఆదాయంలో కలుపుకోదు, దానధర్మాలకు ఇస్తుంది. లాయరు ఇవన్నీ ఒక్కొక్కటిగా సరిచూడాలి.

ఒక ఒప్పందానికి ఒకటే చట్టం

లార్డ్ జస్టిస్ పాటర్ తీర్పు సూటిగా ఉంది. 1980 నాటి రోమ్ ఒడంబడిక ప్రకారం ఒప్పందానికి ఎంచుకునేది ఏదో ఒక దేశపు చట్టమై ఉండాలి. షరియా ఏ ఒక్క దేశపు చట్టమూ కాదు. పైగా ఏది వడ్డీ, ఏది కాదన్న విషయంలో పండితుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక ఒప్పందంలో షరియా ప్రస్తావన బ్యాంకు తన వ్యాపార నియమాన్ని చెప్పుకోవడమే తప్ప, కోర్టు అమలు చేయాల్సిన చట్టం కాదు. ఇంగ్లిష్ చట్టం ప్రకారం ఒప్పందం చెల్లుతుంది, బాకీ కట్టాల్సిందే.

అంతటితో గొడవ తీరలేదు. 2009లో కువైట్‌కు చెందిన ఇన్వెస్ట్‌మెంట్ దార్ మరో దారి పట్టింది. షరియాకు విరుద్ధమైన పని చేయరాదని మా కంపెనీ నిబంధనావళిలోనే ఉంది, కాబట్టి బ్యాంకుతో చేసుకున్న ఒప్పందం కుదుర్చుకునే అధికారమే మాకు లేదు అంది. ఈ వాదనను విచారించాల్సిందేనని లండన్ జడ్జి అనడంతో బ్యాంకులు ఉలిక్కిపడ్డాయి.

2017లో షార్జాకు చెందిన దానా గ్యాస్ వంతు వచ్చింది. 70 కోట్ల డాలర్ల సుకూక్ (ఇస్లామిక్ బాండ్) పత్రాలకు అక్టోబరులో చెల్లింపు గడువు ఉండగా, తాను జారీ చేసిన ఆ పత్రాలే షరియాకు సరిపడవని తనకు న్యాయ సలహా అందిందని జూన్‌లో ప్రకటించింది. నవంబరులో లండన్ హైకోర్టు జడ్జి లెగట్, కంపెనీ రాసిచ్చిన కొనుగోలు హామీ ఇంగ్లిష్ చట్టం కింద చెల్లుతుందన్నారు. చివరికి మరుసటి ఏడాది అప్పుదాతలతో రాజీ కుదిరింది.

ఈ కేసుల ముద్ర నేటి ఒప్పందాల మీద కనిపిస్తుంది. షరియాకు విరుద్ధమన్న కారణంతో చెల్లింపు ఎగ్గొట్టనని సంతకం చేసేవాడు ముందే రాసివ్వాలి. ఒప్పందం షరియాకు సరిపోయిందో లేదో తానే పండితులను అడిగి తృప్తి పడ్డానని కూడా ఒప్పుకోవాలి.

మలేషియా ఈ చిక్కును వేరేలా విప్పింది. 2009 నాటి కేంద్ర బ్యాంకు చట్టం ప్రకారం, కోర్టులో ఇస్లామిక్ ఫైనాన్స్‌కు సంబంధించి షరియా ప్రశ్న తలెత్తితే షరియా సలహా మండలి తీర్పే శిరోధార్యం. జడ్జీల అధికారాన్ని ఇది లాక్కుంటోందన్న సవాలును 2019లో ఫెడరల్ కోర్టు 5–4 మెజారిటీతో తోసిపుచ్చింది.

మన దగ్గర వ్యవహారం అంతదాకా రానే లేదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం సెక్షన్ 8 సరుకులు కొని అమ్మే వ్యాపారం బ్యాంకులు చేయరాదంటుంది. మురాబహాకు అదే ప్రాణం. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌కు దారివ్వమంది. ఆ ప్రతిపాదనతో ముందుకు వెళ్లడం లేదని 2017లో సమాచార హక్కు దరఖాస్తుకు రిజర్వు బ్యాంకు జవాబిచ్చింది.

గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తూ ఇలాంటి బ్యాంకులో కారుకో ఇంటికో డబ్బు తీసుకునే మనవారు లాభం శాతంతో పాటు ఇంకో రెండు సంగతులు అడగాలి. ఏ దేశపు చట్టం వర్తిస్తుంది? తగువు వస్తే ఏ కోర్టుకు వెళ్లాలి? షామిల్ బ్యాంకు లండన్ దాకా వెళ్లి తేల్చుకోవాల్సి వచ్చింది ఈ మొదటి ప్రశ్ననే.