‘శాటిస్‌ఫాక్టరీ’ గాలిలోనూ ముప్పు: పది నగరాల మరణాల లెక్క ఏం చెప్పింది?

గాలి కాలుష్యం అనగానే అందరికీ ఢిల్లీయే గుర్తొస్తుంది. నవంబరు వచ్చిందంటే టీవీలో బూడిదరంగు ఆకాశం, మూతికి మాస్కు కట్టుకుని బడికెళ్లే పిల్లలు. బెంగళూరు, చెన్నై, పుణె, ముంబైలలో తరాలుగా స్థిరపడ్డ మన కుటుంబాలు అది చూసి ‘మన ఊరు నయం’ అనుకోవడం మామూలే. నయమన్న మాట అబద్ధం కాదు. అయితే ఆ ‘నయం’ విలువ ఎంతో 2024 జులైలో ‘లాన్సెట్ ప్లానెటరీ హెల్త్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన లెక్క కట్టి చూపింది. అహ్మదాబాద్, బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై, పుణె, సిమ్లా, వారణాసి నగరాల్లో 2008, 2019 మధ్య నమోదైన సుమారు 36 లక్షల మరణాలను పరిశోధకులు పరిశీలించారు.

వారు కొలిచింది పీఎం 2.5 అనే సన్నటి ధూళిని. అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలు. తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యో వంతు. ఇల్లు ఊడిస్తే లేచే దుమ్ము చాలావరకు ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, తుమ్మితే దగ్గితే బయటికొస్తుంది. ఈ కణాలు అలా ఆగవు. ఊపిరితిత్తుల అడుగున ఉండే గాలి తిత్తుల దాకా వెళ్తాయి. అక్కడ వాపు మొదలవుతుంది, దాని ప్రభావం రక్తంలోకి, రక్తనాళాల గోడల్లోకి పాకుతుంది. పొగ అంటే ఉబ్బసం, దగ్గు అని మనం అనుకుంటాం గానీ, ఈ ధూళి తీసే ప్రాణాల్లో పెద్ద వాటా గుండెపోటుది, పక్షవాతానిది. అందుకే మరణ ధ్రువపత్రంలో ‘గాలి’ అన్న మాట ఎక్కడా కనిపించదు.

మరి గాలి వల్లే అని ఎలా తేల్చారు? ఒక ఊరిని ఇంకో ఊరితో పోలిస్తే తిండి, డబ్బు, వైద్యం, వయసు అన్నీ తేడాయే. కాబట్టి ఒకే నగరంలో ఒక రోజును మరో రోజుతో పోల్చారు. ధూళి పెరిగిన రోజుల్లోనూ వెంటనే తర్వాతా ఎంతమంది చనిపోయారు, తగ్గినప్పుడు ఎంతమంది అని చూశారు. ఎండ తీవ్రత వల్ల వచ్చే తేడాను లెక్కలోంచి తీసేశారు. రోజువారీ మరణాల లెక్క స్థానిక రిజిస్టర్ల నుంచి వచ్చింది. ధూళి లెక్కకు ఉపగ్రహ సమాచారాన్ని, నేలమీది కేంద్రాల కొలతలను కలిపి వాడారు.

ఫలితం ఇది. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 పది మైక్రోగ్రాములు పెరిగితే ఆ రోజుల్లో మరణాలు సగటున 1.42 శాతం పెరిగాయి. పది నగరాల్లో కలిపి రోజువారీ మరణాల్లో 7.2 శాతం, అంటే ఏడాదికి సుమారు 33 వేలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు దాటిన ధూళి ఖాతాలో పడ్డాయి. ఢిల్లీలో ఏటా సుమారు 12 వేలు, ముంబైలో 5 వేల పైచిలుకు, చెన్నైలో సుమారు 2,900, బెంగళూరులో సుమారు 2,100.

ఇక్కడ ఒక సంగతి దగ్గర కాస్త ఆగాలి. అదే పది మైక్రోగ్రాములు పెరిగితే ఢిల్లీలో మరణాలు 0.31 శాతం పెరిగితే, బెంగళూరులో 3.06 శాతం పెరిగాయి. దీన్ని చూసి బెంగళూరు గాలి ఢిల్లీ కంటే చెడ్డదనుకుంటే పొరపాటు. ధూళికీ ప్రాణనష్టానికీ ఉన్న సంబంధం తిన్నని గీత కాదు. మొదట్లో నిట్టనిలువుగా లేచి, పోనుపోను వాలుతుంది. ముంచెత్తిన గాలిలో ఇంకో పది చేరితే వచ్చే అదనపు తేడా తక్కువ. కాస్త శుభ్రంగా ఉన్న గాలిలో అదే పది చేరితే దెబ్బ గట్టిగా తగులుతుంది. దీన్నే తిరగేసి చూడండి. బెంగళూరు, చెన్నై లాంటి చోట కొద్దిగా తగ్గించగలిగినా దక్కే ప్రాణాలు ఎక్కువ. నగరం లోపలే పుట్టే పొగను విడిగా అంచనా వేసే మరో పద్ధతిలో లెక్క కడితే పెరుగుదల 3.57 శాతం దాకా వెళ్లింది. అంటే వీధి చివర తగలబెట్టే చెత్త, పక్కన ఆగిన డీజిల్ బండి చిన్న విషయాలు కావు.

ఇక హద్దుల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు ఒక రోజుకు 15 మైక్రోగ్రాములు, ఏడాది సగటు 5. మన దేశంలో 2009 నుంచి ఉన్న ప్రమాణం రోజుకు 60, ఏడాదికి 40. మనం ఫోన్‌లో చూసే ఏక్యూఐ 2015లో మొదలైంది. దాని మెట్లు మన ప్రమాణాన్ని బట్టి వేసినవే. పీఎం 2.5 ఒక్కటే తీసుకుంటే 31 నుంచి 60 వరకు ‘శాటిస్‌ఫాక్టరీ’ అని వస్తుంది. పచ్చరంగు చూసి ముసలాయన్ను నడకకు పంపేస్తాం. ఆ 60 ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుకు నాలుగు రెట్లు. పైగా, 60 కంటే తక్కువ ఉన్న రోజుల్ని మాత్రమే విడిగా తీసి చూసినప్పుడు పది మైక్రోగ్రాములకు మరణాల పెరుగుదల 2.65 శాతం అని తేలింది. ఈ ప్రమాణాన్ని ఇంకా తిరగరాయకపోవడం నా దృష్టిలో సమర్థించుకోలేని జాప్యం.

పైన చెప్పిందంతా ఒకటి రెండు రోజుల్లో పడే దెబ్బ. ఏళ్ల తరబడి పీల్చితే ఏమవుతుందన్నది వేరే లెక్క. చెన్నై, ఢిల్లీలలో 12 వేల మంది పెద్దవాళ్లను 2010 నుంచి ఏడేళ్లు గమనించిన అధ్యయనంలో, ఏడాది సగటు ధూళి పది మైక్రోగ్రాములు ఎక్కువైతే షుగర్ జబ్బు వచ్చే అవకాశం 22 శాతం ఎక్కువగా కనిపించింది. అన్నం ఎక్కువ తింటాం, నడక తక్కువ అని సరిపెట్టుకునే ఇళ్లలో ఈ మూడో కారణం గురించీ మాట్లాడుకోవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల 28 పల్లెల్లో జరిగిన మరో పరిశోధన 2020లో వెలువడింది. అక్కడి ధూళి సగటు 33 మైక్రోగ్రాముల దగ్గర, అంటే మన వార్షిక ప్రమాణం లోపలే. అయినా ధూళి ఎక్కువున్న చోట నివసించే వారి ఎముకల్లో ఖనిజ సాంద్రత తక్కువగా కనిపించింది.

వంటింటి కథ వేరు. 2019లో దేశంలో గాలి కాలుష్యానికి ముడిపడ్డ మరణాలు 16.7 లక్షలని అంచనా. అందులో బయటి ధూళి వాటా 9.8 లక్షలు, వంటింటి పొగ వాటా 6.1 లక్షలు. 1990తో పోలిస్తే వంటింటి పొగ మరణాల రేటు 64 శాతం తగ్గింది, బయటి ధూళి మరణాల రేటు మాత్రం రెట్టింపు దాటింది. గ్యాసు ఇస్తే చాలా అన్న ప్రశ్నకు తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో సుమారు 3,200 మంది గర్భిణులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి గ్యాసు పొయ్యి, ఇంధనం ఉచితంగా ఇచ్చారు. వారు పీల్చే ధూళి 70 నుంచి 24 మైక్రోగ్రాములకు దిగింది. కానీ 2022లో ఫలితం వస్తే, బిడ్డల పుట్టుక బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది చూసి కట్టెల పొయ్యికి తిరిగి వెళ్లమని కాదు అర్థం. పొయ్యి మారింది గర్భం దాల్చాక, మొదటి వారాలు గడిచిపోయాక. మిగిలిన 24 కూడా తక్కువేమీ కాదు.

పది నగరాల లెక్కలో షోలాపూర్ లేదు, బరంపురం లేదు, యానాం లేదు. ప్రమాణాలు దాటినవిగా గుర్తించి జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో చేర్చిన ఊళ్లలో మాత్రం షోలాపూర్, నాగపూర్, దావణగెరె, హుబ్బళ్లి-ధారవాడ, కలబురగి, తూత్తుకుడి, భువనేశ్వర్, కటక్, రూర్కెలా ఉన్నాయి. మగ్గాల షెడ్డులో నూలు ధూళి, బీడీలు చుట్టే ఇంట్లో పొగాకు ధూళి నగర కొలతల్లోకి రావు. అవి చౌరస్తాలో పెట్టిన యంత్రానికి అందవు.

ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఏక్యూఐ అంకెతో ఆగకుండా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ‘సమీర్’ యాప్‌లో పీఎం 2.5 విలువ చూడండి. చలికాలం తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా నిలిచి ఉంటుంది కాబట్టి గుండె జబ్బున్న వారి నడకను కాస్త పొద్దెక్కాక పెట్టుకోవచ్చు. గుడ్డ మాస్కు ఈ కణాలను సరిగా ఆపదు, ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 ఆపుతుంది. రాత్రి పూట తలుపులు బిగించి దోమల చుట్ట వెలిగించే అలవాటు ఉంటే మానేసి దోమతెర కట్టండి. చైనా, మలేషియా రకాల చుట్టలను పరీక్షించిన 2003 నాటి పరిశోధనలో, ఒక్క చుట్ట కాలితే వెలువడే సన్నధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని తేలింది.