మహోనింగు లోయ కాపరులు

అమెరికా దేశమున ఒహాయో రాష్ట్రపు తూర్పు అంచున, పెన్సిల్వేనియా పొలిమేరకు చేరువగా, మహోనింగు నది మెలికలు తిరుగుచు సాగు లోయలో మా యంగ్స్‌టౌను నగరము కలదు. ఊరి నడుమ, వుడ్ స్ట్రీటు మిట్టమీద, కథోలికుల ప్రధాన దేవాలయమగు సెయింట్ కొలంబా నిలిచియున్నది. దానికి కూతవేటు దూరముననే, మైకేల్ గ్రేవ్స్ అను ప్రసిద్ధ వాస్తుశిల్పి ఉక్కుమిల్లు ఆకారమును తలపించునట్లు రూపొందించిన కార్మిక చరిత్ర ప్రదర్శనశాల యున్నది. ఆ మిట్ట దిగి పోయినచో నది తగులును. ఒకప్పుడు ఆ నదికి ఇరుదరుల ఇరువది మైళ్ళకు పైగా ఉక్కుమిల్లులు బారులు తీరియుండెను. నేడు ఆ దరులయందు విస్తారముగా గడ్డియు, ఎవరును నాటని చెట్లును పెరిగియున్నవి.

నేను 1975లో వైద్యుడనై ఈ ఊరికి వచ్చితిని. వచ్చిన క్రొత్తలో నన్ను మిక్కిలి ఆశ్చర్యపరచినవి కొలుములు కావు, గుడులు. స్లోవాకులకు ఒక గుడి, పోలిషువారికి ఒకటి, ఇటలీవారికి వాడవాడకు ఒకటి, ఐరిషువారికి, క్రొయేషియనులకు, గ్రీకులకు వేరువేరుగా, నల్లజాతి బాప్తిస్టులకు అనేకములు. ఏ గుడికి ఆ గుడి తన భాష, తన పండుగ, తన రొట్టె కలిగియుండెను. మిల్లులో మూడు షిఫ్టుల పని గనుక ఇంటి నిద్రయు, గుడి ఆరాధనయు మిల్లు కూతనే అనుసరించి నడిచెడివి. జీతపు దినమున కవరులలో పెట్టి కానుకపళ్ళెములో వేసిన చిల్లర సొమ్ముతో కట్టిన గుడులవి. 1930 నాటికి ఊరి జనము లక్షా డెబ్బదివేలు. అందు అత్యధికులకు అన్నము ఉక్కువలన వచ్చినదే గనుక, గుడిగంట మ్రోగినదియు ఉక్కువలననే యని చెప్పవచ్చును.

ఇట్టి ఊరు నాకు పరాయిదిగా తోచకుండుటకు ఒక కారణము కలదు. మాది గుంటూరు. పెన్సిల్వేనియా లూథరను సంఘములు పంపగా 1842లో మిషనరీ హయ్యరుగారు మా ఊరికి వచ్చి బడులు పెట్టిరి. ఆ రాష్ట్రమునుండియే 1883లో వచ్చిన అన్నా కుగ్లరమ్మగారు స్త్రీలకొరకు ఆసుపత్రి నెలకొల్పిరి. నేను పుట్టినది ఆ ఆసుపత్రిలోనే. చదివినది ఆ మిషను పెట్టిన ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో, పిదప గుంటూరు వైద్యకళాశాలలో. మా నాన్నగారు మిషను బడి ఉపాధ్యాయులు. దొరలు ధనవంతులై మనకు బడులు కట్టించిరని అనుకొనుట పొరపాటనియు, రైతులును, కూలివారును, కుట్టుపని చేసుకొను విధవలును ఇచ్చిన కాసులతో అవి లేచినవనియు ఆయన నాకు చిన్ననాడే చెప్పియుండిరి. యంగ్స్‌టౌను గుడులలో కానుకకవరులను చూచినప్పుడెల్ల నాకు ఆ మాట జ్ఞప్తికి వచ్చెడిది.

1977 సెప్టెంబరు 19, సోమవారము. ఆనాటి ఉదయము యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీవారు కాంబెల్ వర్క్స్ అను తమ మహాకర్మాగారమును మూసివేయుచున్నట్లు ప్రకటించిరి. ఐదువేలమందికి పని పోయెను. 1900లో ఈ ఊరివారే స్థాపించిన ఆ కంపెనీ 1969లో న్యూ ఆర్లియన్సుకు చెందిన లైక్స్ అను ఓడల వ్యాపారసంస్థ చేతిలో పడెను. అటుపిమ్మట దాని లాభము వేరుచోట్లకు పోయెనేగాని పాతబడిన కొలుములకు క్రొత్త యంత్రములు రాలేదు. ఆ దినమునకు ఇక్కడివారు నల్ల సోమవారమని పేరు పెట్టిరి. కొలది దినములలోనే లక్షా పదివేలమంది సంతకములు చేసిన మహజరును బస్సులలో వాషింగ్టనుకు కొనిపోయిరి. ఫలము శూన్యము.

ఆ వారమంతయు నా యొద్దకు వచ్చిన రోగులలో సగము మంది రోగము చెప్పుకొనుటకు వచ్చినవారు కారు. గుండెదడ యని కూర్చుండి, వేలికి ఉంగరము త్రిప్పుకొనుచు, ఏమియు చెప్పక లేచిపోయెడివారు. నాకు 1966 గుర్తునకు వచ్చెను. అప్పుడు నేను విద్యార్థిని. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అని గొంతు బొంగురుపోవునట్లు కేకలు వేయుచు గుంటూరు వీధులలో నడిచితిని. ఆ ఉద్యమమున ముప్పదిఇద్దరు ప్రాణములు విడిచిరి. ఉక్కు కర్మాగారము కావలెనని మావారు ప్రాణములిచ్చిన పదునొకండేండ్లకు, ఉన్న కర్మాగారము పోవుచుండగా చేష్టలుడిగి చూచుచున్న ఊరిలో నేనుంటిని. మేము నాడు హక్కు అన్న మాటను ఇక్కడ పలుకువారెవరని వెదకుకొంటిని.

పలికినవారు కాపరులు, అనగా మతసంఘముల పెద్దలు. యూనియను పెద్దలు తటపటాయించుచుండగా, రాజకీయవేత్తలు ఒకరినొకరు నిందించుకొనుచుండగా, కథోలిక మేత్రాసనపు అధిపతియు యంగ్స్‌టౌనులోనే పుట్టిపెరిగినవారును అగు బిషప్ జేమ్స్ మలోన్‌గారు, ఒహాయో ఎపిస్కోపల్ బిషప్ జాన్ బర్ట్‌గారు, ప్రెస్బిటేరియను, లూథరను, మెథడిస్టు సంఘముల పెద్దలు, యూదుల రబ్బీలు ఒకచోట కూడి ఎక్యుమెనికల్ కోయెలిషన్ అను సమాఖ్యను నెలకొల్పిరి. అక్టోబరు నెలాఖరున రెండు దినముల సభ జరిపి, నవంబరులో ఒక కాపరిలేఖను ప్రకటించిరి. మలోన్‌గారు రోములో జరిగిన రెండవ వాటికన్ మహాసభలో కూర్చుండి వచ్చినవారు. మనుష్యుల పని, కూలి, ఆకలి అనునవి గుడి గుమ్మము వెలుపలి విషయములు కావని ఆ సభనాటి బోధను తమ ఊరియందే అక్షరాల ఆచరింపవలసిన దినము వచ్చునని ఆయన ఊహించియుందురో లేదో.

ఆ లేఖ నేను సంఘమున చదువగా వింటిని. కర్మాగారము మూయుట కేవలము లెక్కల వ్యవహారము కాదనియు, అది ధర్మాధర్మ విచారణకు లోబడిన కార్యమనియు, ఎక్కడనో కూర్చున్న కొలదిమంది నిర్ణయము వేల కుటుంబములను నిలువునీడ లేకుండ చేయునప్పుడు ఆ కొలదిమంది ఆ కుటుంబములకు జవాబుదారులనియు దాని సారాంశము. వినుచుండగా తెలుగు బైబిలులోని గృహనిర్వాహకుడు అను మాట నా మనస్సున మెదలెను. ఇల్లు తనది కాదు, ధాన్యము తనది కాదు, యజమానుని సొత్తును ఇంటివారందరికి వేళకు వడ్డించుట వాని పని. లెక్క అడుగుదినము ఒకటి కలదు. కంపెనీ యజమానులను యజమానులని గాక గృహనిర్వాహకులని పిలిచినచో ఊరి హక్కు దానంతట అదే నిలుచును గదా! రాజకీయభాషయందు మేము గుంటూరులో అరచిన మాటయు, ఇక్కడ కాపరులు వేదభాషయందు చెప్పిన మాటయు ఒక్కటే యని నాకు ఆ క్షణమున స్పష్టమయ్యెను.

మాటతో ఆగలేదు. మూసిన మిల్లును కార్మికులును, ఊరివారును కలిసి కొని నడుపవలెనని తలపెట్టిరి. ఆ తలంపు మొదట గుడిలో గాక, బ్రయర్ హిల్ అను మరియొక మిల్లు కార్మికుల యూనియను సమావేశములో పుట్టినదని చెప్పుట న్యాయము. గార్ ఆల్పెరోవిట్జ్ అను అర్థశాస్త్రవేత్త ప్రణాళిక సిద్ధము చేసెను. 1978 ఆరంభమున "సేవ్ అవర్ వ్యాలీ" అను పేర బ్యాంకులలో ప్రత్యేక ఖాతాలు తెరిపించిరి. ఇంటివారు, సంఘములు, కన్యాస్త్రీల మఠములు కలిసి నలుబది లక్షల డాలర్లకు దరిదాపుగా కట్టుటకు మాట యిచ్చిరి. నేనును నూరు డాలర్లు కట్టి నాన్నగారికి ఉత్తరము వ్రాసితిని. వారి సంఘపు పెద్దలు ఏడుగురు ప్రతి బుధవారము సాయంత్రము మా ఊరికొరకు ప్రార్థించుచున్నారని జవాబు వచ్చెను. యంగ్స్‌టౌను అను పేరు పలుకలేక వారు "ఉక్కూరు" అని పలికెడివారట. ఆ ఉత్తరమును నేను బ్రయర్ హిల్ మిల్లులో పనిచేయు ఒక రోగికి చదివి వినిపించితిని. ఆయన ఇటలీ సంతతివాడు. చాలసేపు మాటలాడలేదు.

మిల్లును క్రొత్త విద్యుత్కొలుములతో తిరిగి నిలుపుటకు ఇరువదినాలుగున్నర కోట్ల డాలర్ల ఋణమునకు కేంద్రప్రభుత్వపు హామీ కావలసియుండెను. 1979 మార్చి నెలలో అధ్యక్షుడు కార్టరుగారి ప్రభుత్వము దానిని నిరాకరించెను. సమాఖ్య అంతటితో చల్లబడెను.

కాపరుల ప్రయత్నమును నేను గౌరవింతును గనుకనే దాని లోపమును దాచను. గుడులలో ఆదివారము ముందువరుస బల్లలమీద కూర్చుండువారు అప్పటికే పట్టణము విడిచి శివార్ల తోటయిండ్లకు తరలిపోయియుండిరి. వారిలో అనేకులు లేఖ విని, తలయూపి, ఇంటికి పోయిరి. అంతకంటె పెద్ద లోపము మరియొకటి. నల్లజాతి కార్మికులను తరతరములుగా కోక్ బట్టీలకు, బ్లాస్ట్ ఫర్నేసు వేడికి, ఎదుగుబొదుగు లేని కొలువులకు కట్టిపడవేసిన కట్టుబాటులు ఈ లోయలోనివే. వానిని కాపరులు ఇంత గట్టిగా ఎన్నడును ఖండింపలేదు. 1974లో కంపెనీలకు, యూనియనుకు, ప్రభుత్వమునకు నడుమ న్యాయస్థానము ఎదుట జరిగిన ఒడంబడికవలన పై కొలువుల వరుసలు వారికి తెరచుకొనెను. మంచి కొలువున అడుగిడి మూడేండ్లు నిండగనే మిల్లు మూతపడెను. నా రోగులలో ఒక బాప్తిస్టు పెద్ద, ముప్పదియేండ్లు కోక్ బట్టీపై నిలిచి ఊపిరితిత్తులు చెడగొట్టుకొన్నవాడు, తన కుమారునికి క్రేను నడుపు పని దొరకినదని సంతోషించి, ఆ సంతోషము ముదురకముందే కుమారుడు టెక్సాసుకు బస్సెక్కగా నా యొద్దకు వచ్చి కన్నీరు పెట్టుకొనెను. ఆ కుటుంబమునకు అందరికంటె ఆలస్యముగా తలుపు తెరచి, అందరితోపాటు మూసిరి.

పిదప జరిగినది త్వరగానే జరిగెను. 1979 ముగియకముందే బ్రయర్ హిల్ వర్క్స్ మూతకు వచ్చెను; ఆ నవంబరులోనే యు.ఎస్. స్టీలువారు తమ రెండు కర్మాగారములకును అదే గతి ప్రకటించిరి. 1980 జనవరి 28న కార్మికులు యూనియను హాలునుండి నడిచిపోయి ఆ కంపెనీ కార్యాలయమును ఆక్రమించి కూర్చుండిరి. క్వేకరు విశ్వాసియు, చరిత్రకారుడును అగు న్యాయవాది స్టాటన్ లిండ్‌గారు వారి పక్షమున వ్యాజ్యము నడిపిరి. న్యాయమూర్తి థామస్ లాంబ్రోస్‌గారు, ఇన్నేండ్ల సహజీవనమువలన ఊరికి కర్మాగారమునందు ఒకవిధమైన ఆస్తిహక్కు పుట్టియుండవచ్చునేమో యని విచారణవేళ నోట పలికిరి. ఆ మాట విని మా ఊరు ఊపిరి బిగబట్టెను. తుదకు అట్టి హక్కు చట్టమున లేదని ఆయనయే తీర్పు చెప్పవలసివచ్చెను. సిన్సినాటి అప్పీలు న్యాయస్థానమును అదియే చెప్పెను. 1982 ఏప్రిల్ 28న ఒహాయో వర్క్స్ బ్లాస్ట్ ఫర్నేసులు నాలుగింటిని మందుపెట్టి కూల్చిరి.

కాని కాపరిలేఖ మాట మా లోయలో సమాధి కాలేదు. మలోన్‌గారు 1983 మొదలు 1986 వరకు అమెరికా కథోలిక బిషపుల మహాసభకు అధ్యక్షులుగా నుండిరి. ఆ మూడేండ్లలో తయారై, 1986 నవంబరులో ఆమోదము పొందిన ఆర్థికన్యాయపు కాపరిలేఖ దేశమంతట చర్చకు వచ్చెను. బీదలు, పనివాండ్రు ఎట్లుందురో చూచియే ఆర్థికవ్యవస్థను తూచవలెనని అది కోరెను. మహోనింగు దరిని ఓడిపోయిన మనుష్యుని అనుభవము ఆ పుటలలో కలదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

ఊరు మాత్రము చిక్కిపోయెను. 2020 లెక్కలో అరువదివేలమందిమి మిగిలితిమి. 2019లో సమీపమందలి లార్డ్స్‌టౌను మోటారు కర్మాగారము ఆగెను. నూటయేబదియేండ్లు నడిచిన మా దినపత్రిక విండికేటరును అదే సంవత్సరము మూతపడెను. గుడులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి. మిగిలినవి తమకు చేతనైన పని చేయుచున్నవి: అన్నము పెట్టుట, పాడుబడిన యిండ్ల విషయమై నగరసభలో నిలదీయుట, కూరగాయలు దొరకని పేటలకు అవి అందునట్లు చూచుట.

బ్రయర్ హిల్‌లో సెయింట్ ఆంథొనీ గుడి కలదు. శుక్రవారములందు అక్కడివారు పిజ్జాలు కాల్చి అమ్ముదురు. మందమైన రొట్టె, పైన టమాటా గుజ్జు, పచ్చి బెంగుళూరు మిరపకాయ ముక్కలు, రొమానో చీజు తురుము. ఆ సొమ్ము గుడికి పోవును. నేను ఉత్తరము చదివి వినిపించిన రోగి, నేడు తొంబదియేండ్లకు చేరువైన వృద్ధుడు, బల్లప్రక్కన కుర్చీలో కూర్చుండి పెట్టెలు మడుచుచుండెను. మొన్న నేను పోయినప్పుడు, గుంటూరు పెద్దలు ఇంకను తమకొరకు ప్రార్థించుచున్నారా యని అడిగెను. నాన్నగారు గతించి ముప్పదియేండ్లు దాటెననియు, ఆ ఏడుగురిలో ఒక్కరే మిగిలియున్నారనియు, ఆయనకు చూపు పోయినదనియు చెప్పితిని. పిండి అంటిన చేతిని తుడుచుకొని, ఆ ఒక్కరి పేరు వ్రాసి యిమ్మనెను. పెట్టె మూతనుండి చింపిన అట్టముక్కమీద ఒకమారు తెలుగులో, దాని క్రింద ఆయనకు చదువవచ్చు అక్షరములలో మరియొకమారు వ్రాసి యిచ్చితిని. ఆయన దానిని చొక్కా జేబులో పెట్టుకొని, మరల పెట్టెలు మడువసాగెను.