కాకిముక్కు ఎముక

ఒకసారి తప్పిన భుజం కీలును సర్ది కట్టు కట్టవచ్చు. చంకలో రోకలి పెట్టి పైకెత్తి కీలు కూర్చి, ఆపైన స్వస్తికబంధం కట్టమన్నాడు సుశ్రుతుడు. గ్రీసులో హిప్పోక్రటీసు పేరిట నిలిచిన కీళ్ల గ్రంథంలోనూ రోకలి వైద్యం ఉంది. ఎవరి దగ్గర ఎవరు నేర్చారన్న తగవు మనకెందుకు? రోకలి రెండుచోట్లా ఇంటి వస్తువే. చిక్కల్లా మాటిమాటికీ తప్పే భుజంతోనే. మా శాఖలో ఒక గుమాస్తా పై అరలోని లెడ్జరు కోసం చెయ్యెత్తి, అంతలోనే ఆ చెయ్యి రెండో చేత్తో పట్టుకుని కూలబడటం మూడుసార్లు చూశాను. అటువంటివారికి చంకలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాత పెట్టమని ఆ గ్రీకు గ్రంథం చెబుతుంది. పుండు మానుతూ కీలును బిగిస్తుందని ఆశ.

భుజం నిర్మాణమే అలాంటిది. చిన్న ప్రమిద మీద పెద్ద బత్తాయి ఆనించినట్టు ఉంటుంది. చెయ్యి అన్ని వైపులా తిరగడానికి మనం చెల్లించే వెల అది. బత్తాయి ముందుకు జారినప్పుడు ప్రమిద అంచునున్న పొర చిరుగుతుంది. దాన్ని మళ్లీ ఎముకకే కుట్టాలని లండన్ వైద్యుడు బాంకార్ట్ 1923లో రాశాడు. జర్మనీలో పెర్తెస్ 1906లోనే ఈ మాట చెప్పినా పేరు బాంకార్టుకే దక్కింది.

పొర సరే, అంచు ఎముకే అరిగిపోతే? 1918లో ఈడెన్ అనే జర్మన్ వైద్యుడు ముంగాలి ఎముక ముక్కను తెచ్చి అక్కడ అడ్డుగా పెట్టాడు. 1932లో స్వీడన్‌కు చెందిన హైబినెట్ తుంటి ఎముకను వాడాడు. రెండూ దూరప్రాంతపు అప్పులే.

1954లో ఫ్రాన్సులోని ల్యోన్ నగరంలో మిషెల్ లాటార్జే పక్కింటివైపు చూశాడు. ఆయన శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు, అదే శాస్త్రంలో పేరుపొందిన ఆంద్రే లాటార్జే కుమారుడు. జత్రువు బయటి కొస కింద వేలితో నొక్కితే గట్టిగా తగిలే చిన్న కొమ్ము ఉంది చూశారా, దాని పేరు కొరకాయిడ్. గ్రీకులో కోరాక్స్ అంటే కాకి. వంపు తిరిగిన కాకిముక్కులా ఉంటుందని ఆ పేరు. ఆ ముక్కును కోసి, దానికి అంటుకున్న కండర స్నాయువులతో సహా తెచ్చి, అరిగిన అంచుకు స్క్రూతో బిగించాడాయన. మా లెక్కల భాషలో ఇది ట్రాన్స్‌ఫర్ వోచరు: బయటి నుంచి నగదు రాలేదు, ఒక ఖాతాలో ఖర్చు, పక్క ఖాతాలో జమ.

1958లో దక్షిణాఫ్రికా వైద్యుడు హెల్ఫెట్ ఇలాంటి పద్ధతినే ప్రకటించాడు. ఆయన ముక్కు కొసను మాత్రమే తీసి, స్క్రూ లేకుండా కుట్టాడు. దానికి తన పేరు కాక, తన గురువు బ్రిస్టో పేరు పెట్టాడు. అప్పటికి గురువు పోయి పదకొండేళ్లు. పెర్తెస్ సంగతి చదివాక ఇది చదివితే నాకు ప్రాణం లేచొచ్చింది.

అసలు విశేషం తర్వాత తేలింది. అడ్డుగోడలా ఎముకే ఆపుతోందని తొలినాళ్ల భావన. ముక్కతోపాటు వచ్చిన స్నాయువు, చెయ్యెత్తినప్పుడు కీలు ముందు ఉయ్యాలతాడులా బిగిసి బంతిని వెనక్కి నెడుతుందని ఫ్రెంచి వైద్యుడు పాత్ వివరించాడు. మృతదేహాల భుజాలపై యమమోటో బృందం చేసిన ప్రయోగాలు 2013లో వెలువడ్డాయి. చెయ్యి చివరిదాకా తిప్పిన స్థితిలో పట్టులో సుమారు నాలుగింట మూడు వంతులు ఆ తాడుదేనని వాటిలో తేలింది. లాటార్జే అసలుతో పాటు వడ్డీ కూడా తెచ్చాడన్నమాట! ఈడెన్, హైబినెట్ ముక్కలకు ఈ తాడు లేదు.

అయినా ఇంగ్లీషు దేశాలవారు చాలాకాలం కుట్టునే నమ్ముకున్నారు. ఎముక కోత పెద్దది, దగ్గరలోనే నరాలు ఉన్నాయి, భయం అకారణం కాదు. 2000లో అమెరికాకు చెందిన బర్కార్ట్, కేప్‌టౌన్‌కు చెందిన డి బీర్ కలిసి, కీలులోకి గొట్టం పంపి కుట్టిన 194 భుజాల లెక్క తీశారు. ఎముక నష్టం పెద్దగా లేని 173లో మళ్లీ తప్పినవి 7. నష్టం బాగా ఉన్న 21లో తప్పినవి 14. ఈ లెక్క చూశాక ల్యోన్ వైపు తిరగనివారు తక్కువ. 2007లో ఫ్రాన్సుకే చెందిన లాఫోస్ ఆ పనినీ చిన్న రంధ్రాల గుండా చేసే విధానం ప్రకటించాడు.

కాకిముక్కు ఒకటే, రెండోసారి కోయడానికి మిగలదు. అది కూడా నిలవని భుజాలకు వైద్యులు ఇవాళ్టికీ హైబినెట్ చూపిన తుంటి ఎముక దగ్గరికే వెళుతున్నారు.