గ్రంథాలయ ద్వారము

మెదకు దుర్గమునకు ప్రథమ ద్వారము, సింహద్వారము, గజద్వారము అను వాకిళ్లు గలవు. పాఠశాల పిల్లలను కొండపైకి గొనిపోయినప్పుడెల్ల నేనొక ప్రశ్న వేయుచుందును: "ద్వారమెందుకు?" అని. "శత్రువుల నాపుటకు" అని మగపిల్లలు బిగ్గఱగా చెప్పుదురు. ఒకమాఱు ఒక చిన్న బాలిక మాత్రము "లోపలికి పోవుటకండీ" అని మెల్లగా ననెను. రెండు మాటలును నిజమే. రావలసినవారిని రానీయనిది ద్వారము గాదు, గోడ. రాగూడనివారిని సయితము రానిచ్చునది ద్వారము గాదు, గండి.

గ్రంథాలయములను గూర్చి యోచించునప్పుడెల్ల ఈ సంగతి నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. నేడు పెక్కు గ్రంథాలయములకు వెబ్‌సైటే ముఖద్వారము. అది త్వరగా తెఱచుకొనుచున్నదా, సామాన్యుడు తడబడక లోనికి పోగలుగుచున్నాడా, లోపలి సొత్తు భద్రముగా నున్నదా యను మూడు ప్రశ్నలను మనము యంత్రజ్ఞులకు విడిచి యూరకున్నాము. కాని యివి క్రొత్త ప్రశ్నలు గావు. మన పెద్దలు గ్రంథాలయోద్యమమును నడపిన కాలమునందే వీనికి సమాధానములు వెదకియుండిరి.

1901 సెప్టెంబరు 1వ తేదీన కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతుల పూనికచే హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. నిజాం రాజ్యమున తెలుగునకు రాజాదరణము కఱవైన కాలమది. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే విజయవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టెను. 1930లో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ ప్రథమ సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను మన జోగిపేటయందు జరిగెను. నాడది మెదకు జిల్లాలోనిది; 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరినది. సభ చేయుటకే సర్కారు అనుమతి కావలసిన ఆ దినములలో గ్రంథాలయము చదువుకొను గది మాత్రమే గాదు, నలుగురు కూడి యాలోచించుకొను తావు గూడ. ఆ పెద్దలు కోరినది పుస్తకముల ప్రోగు గాదు. పుస్తకమునకును పాఠకునకును నడుమ నున్న దూరము తగ్గుట.

ఆ దూరమును 1935లో పాతూరి నాగభూషణముగారు పడవతో తగ్గించిరి. కృష్ణా డెల్టా కాలువపై నడచిన వారి గ్రంథాలయపు పడవ ఒడ్డుననున్న పల్లెలకు తానే పుస్తకములను గొనిపోయెను. అంతకు నాలుగేండ్ల ముందు, 1931లో, మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ గారు గ్రంథాలయ శాస్త్రమునకు అయిదు సూత్రములు ప్రకటించిరి. పాఠకుని కాలమును వ్యర్థము చేయరాదని చెప్పునది వానిలో నాల్గవది. వెబ్‌సైటు వేగమను మాట పుట్టక మునుపే వేగమును గూర్చిన ధర్మము మనకు లభించియుండెను.

ఆ ధర్మమును మనమెట్లు పాటించుచున్నాము? మా తరగతి బాలుడొకడు సురవరమువారి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"ను చదువగోరి, మధ్యాహ్న విరామమున నా ఫోనులో ఒక గ్రంథాలయపు వెబ్‌సైటును తెఱచెను. మొదట పెద్ద పెద్ద బొమ్మలు ఒకదాని వెంట నొకటి దిగజొచ్చెను. పిమ్మట ఏదో ప్రకటన తెరను గప్పెను. పుస్తకపు పేరు కానవచ్చునప్పటికి గంట మ్రోగినది. వాడు ఫోను నా చేతికిచ్చి వెడలిపోయెను, మఱల నడుగలేదు. గ్రంథాలయమువారి లెక్కలలో ఆ బాలుడు సందర్శకుడుగా నమోదై యుండును. నా లెక్కలో వాడు గడప దాటని పాఠకుడు.

దీనికి మందు దుర్లభము గాదు. బొమ్మల బరువు తగ్గింపవలెను. పుస్తకమంతయు నొక్కసారి పంపక అడిగిన పుటను మాత్రము ముందు పంపవలెను. ఎక్కువమంది కోరు పుటల ప్రతులను పాఠకునకు సమీపమున నున్న సర్వరులయందు నిలిపి యుంచవలెను. ఈ కడపటి యుపాయము నాగభూషణముగారి పడవ వంటిదే: దూరపు భాండాగారమునకు మనిషిని పిలువక, పుస్తకమునే వాని ఒడ్డునకు చేర్చుట.

రెండవది సౌకర్యము. ఈ విషయమున భారత డిజిటల్ లైబ్రరీ చరిత్రము మనకొక పాఠము. చిత్తూరు జిల్లాలో జన్మించిన శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డిగారు ప్రేరకులలో ఒకరుగా, బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థ మున్నగు సంస్థల యాధ్వర్యమున ఈ శతాబ్దారంభమున నడచిన ఆ మహాకార్యమువలన వేలకొలది తెలుగు గ్రంథములు ఛాయారూపమున లోకమునకు అందెను. ఆ ఋణము తీర్చలేనిది. కాని తెలుగు గ్రంథముల పేళ్లు ఆ పట్టికలో రోమను లిపిలో, తోచిన వర్ణక్రమములో నెక్కినవి. తెలుగు పుస్తకమును వెదకు తెలుగువాడు తెలుగు అక్షరములను మఱచి, వ్రాయసగాడు పేరునెట్లు వ్రాసియుండునో యూహింపవలసి వచ్చెను. దొఱకిన పిదప పుటవెంట పుటగా తెఱచుకొనవలెను. పుస్తకమున్నది, పాఠకుడున్నాడు, నడుమ పట్టిక అడ్డుపడినది.

కావున పట్టిక తెలుగు లిపిలో నుండవలెను. "మెదకు" అని వెదకినను "మెదక్" అని వెదకినను ఒకే పుస్తకము దొఱకవలెను. పుట ఛాయాచిత్రముగానే మిగిలిపోయిన, అంధునకు చదివి వినిపించు సాధనము దానిని చదువజాలదు. కావున అక్షరరూపముగా మార్చవలెను. పగలంతయు ఇంటిపనిలో మునిగిన యిల్లాలికి పది నిమిషముల తీఱిక దొఱకును. ఆ పది నిమిషములలో ఆమెకు పుస్తకము చేతికందినప్పుడే స్త్రీవిద్యను గూర్చి మనము చేయు ఉపన్యాసములకు అర్థముండును.

మూడవది భద్రత. చిన్న గ్రంథాలయమున దొంగకేమి పని యని కొందఱందురు. పెద్దవానికి గూడ కాపు చాలలేదని ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిష్ లైబ్రరీ కంప్యూటర్లలో దుండగులు చొరబడి, సమాచారము నపహరించి, విడుదలకు సొమ్మడిగిరి. గ్రంథాలయమువారు ఇయ్యలేదు. ముఖ్యమైన గ్రంథపట్టిక మఱల పాఠకులకు కానవచ్చుటకు 2024 జనవరి వఱకు పట్టెను. పాతబడిన యంత్రవ్యవస్థలు నష్టమును పెంచినవనియు, ఒక వాకిట రెండవ తాళము లేకుండెననియు వారే తమ నివేదికలో దాపరికము లేక ప్రకటించిరి. 2024 అక్టోబరులో ఇంటర్నెట్ ఆర్కైవు నుండి 3 కోట్లకు పైబడిన ఖాతాల వివరములు దొంగిలింపబడినట్లు వెల్లడియయ్యెను.

పాఠకుడు ఏ పుస్తకము చదివెనో అది వాని సొంత సంగతి. కొన్ని పత్రికలకు ప్రవేశమే నిషేధింపబడిన రాజ్యమున బ్రదికిన మన తాతలకు ఈ మాట విలువ తెలియును. కావున పాఠకుని ఫోనునకును గ్రంథాలయమునకును నడుమ జరుగు సంభాషణము ఇతరులకు తెలియని సంకేతరూపమున సాగవలెను. పాస్‌వర్డులను ఉన్నవి యున్నట్లు దాచరాదు. సిబ్బంది వాకిలికి రెండు తాళము లుండవలెను. అవసరము లేని వివరములను పాఠకుని నుండి అడుగనే యడుగరాదు. లేనిదానిని దొంగ యెత్తుకొనిపోజాలడు.

వీని యన్నింటికంటె పెద్ద రక్ష ప్రతులు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపయందు పండితులను నియమించి తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఒక్క ప్రతిని నమ్మినచో చెదపురుగే చరిత్రకారుడగునని ఆయన గ్రహించెను. పైని చెప్పిన డిజిటల్ లైబ్రరీ గూడ 2017 ప్రాంతమున కాపీరైటు చిక్కులచే పాఠకులకు మూతపడెను. అయినను అందలి గ్రంథముల ప్రతులు పెక్కు ఇంటర్నెట్ ఆర్కైవునందు చేరియుండుటచే నేటికిని మనకు లభించుచున్నవి. మూల ద్వారము మూసికొన్నను పుస్తకములు బ్రదికినవి. వేఱొక చోట ప్రతి యుండుటయే దానికి కారణము. ప్రతి గ్రంథాలయమును తన పట్టికకును ఛాయాగ్రంథములకును ఒక ప్రతిని ఏ తీగకును తగిలింపక వేఱు చోట దాచి, ఏడాదికొకమాఱైనను తెఱచి సరిచూడవలెను.

ఇంతయు ధనముతో గూడిన పని యని కొందఱు నిట్టూర్చెదరు. చదువుగదికి పంకాలు, బల్లలు లేని చోట వెబ్‌సైటు సొగసులేల యని మఱికొందఱందురు. సొగసులు వలదనియే నా మాటయు. కదలెడి బొమ్మలు తీసివేయుటకు ధనము గాదు, వివేకము కావలెను. అదియునుగాక మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సును చెల్లించుచున్నాము. చెల్లించువాడు అడుగవచ్చును. పాఠక మహాశయులు తమ యూరి గ్రంథాలయపు వెబ్‌సైటును ఒకనాడు తమ ఇంటిలోని మిక్కిలి చవుక ఫోనులో తెఱచి, ఒక తెలుగు పుస్తకమును తెలుగులో వెదకి, ఎన్ని నిమిషములు పట్టెనో వ్రాసి గ్రంథాలయాధికారికి పంపవలెనని నా మనవి.

ఆ దుర్గపు వాకిళ్లలో నేడు కావలివాండ్రు లేరు, శత్రువులును లేరు. పిల్లలు లోనికి పోవుచు వచ్చుచున్నారు. నాడు మెల్లగా సమాధానము చెప్పిన ఆ బాలిక పెరిగి పెద్దదై ఒకనాడు ఏదో గ్రంథాలయమును వెదకును. తెఱచు వాకిలి ఆమెకు దొఱకునట్లు చూచుట మన బాధ్యత.