అంగుళానికి ఎనిమిది

పోయిన చలికాలం నాకు లేత్ పిచ్చి పట్టుకుంది. ఇనుము కోసే లేత్ కాదు. కర్రని గిర్రున తిప్పుతూ ఉలి ఆనించి గిన్నెలు, బొంగరాలు చేసుకునే చిన్న లేత్. పొద్దస్తమానం కీబోర్డు ముందు కూర్చుని చేసే పనిలో సాయంత్రానికి చేత్తో పట్టుకు చూసుకోడానికేమీ మిగలదు. నా ఈడు సాఫ్ట్‌వేర్ వాళ్ళు కొందరు రొట్టెలు కాలుస్తున్నారు, కొందరు టమాటాలు పెంచుతున్నారు. నాకు కర్ర మీద పడింది మనసు.

చూడగా చూడగా రెండు మిగిలాయి. ఒకటి కొత్తది, తేలికైనది. దాని స్పిండిల్ కొలత కాగితం మీద స్పష్టంగా ఉంది: ఒక అంగుళం, అంగుళానికి ఎనిమిది చుట్లు. రెండోది మా ఫిలడెల్ఫియా శివార్లలోనే ఒక పెద్దావిడ గరాజులో ఉన్న పాత పోత ఇనుము లేత్. ఆవిడ భర్త ఇంగ్లండు నుంచి వలస వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నాడట. మోటారొక్కటి ఇక్కడిది వేయించాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. పాతదాని ధర కొత్తదాన్లో సగం, బరువు మూడింతలు. లేత్‌కి బరువు సుగుణం. బరువు ఉన్నకొద్దీ అదురు తగ్గుతుంది.

కాలిపర్ పెట్టి చూశాను. స్పిండిల్ ముక్కు దాదాపు అంగుళం. అంగుళమే కదా, ఇక్కడ దొరికే చక్‌లన్నీ పట్టేస్తాయి అనుకున్నాను. కానీ అంతకు ముందే ఒక అనుభవజ్ఞుడు చెప్పిన చిట్కా ఒకటుంది. హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు అంగుళం నట్టు జేబులో వేసుకెళ్ళమన్నాడు. తీసి తిప్పాను. చక్కగా ఎక్కడం మొదలుపెట్టింది. ఒకటిన్నర చుట్టు తిరిగి బిగుసుకుపోయింది. థ్రెడ్ గేజ్ పెట్టి లెక్కపెడితే అంగుళానికి పది చుట్లు! ఎనిమిదికి చుట్టుకి 3.175 మి.మీ. నడక, పదికి 2.54. ప్రతి చుట్టుకీ అర మిల్లీమీటరు పైనే తేడా పోగుపడుతుంది. బలం ఉపయోగించి ఇంకో అర చుట్టు తిప్పి ఉంటే ఆ మర అక్కడితో సరి.

అసలే ఎక్కని నట్టుతో ప్రమాదం లేదు. ఎక్కినట్టే ఎక్కేదానితోనే.

అసలా ముక్కుకి మర ఎందుకు? గిన్నె చెక్కాలంటే కర్రని ఒక్క వైపునుంచే పట్టుకోవాలి. ఆ పట్టు ఇచ్చే చక్‌ని స్పిండిల్ ముక్కు మీద మరలా తిప్పి బిగిస్తారు. వెనకనున్న గట్టు చక్‌ని సూటిగా నిలబెడుతుంది. మర దాన్ని గట్టుకి అదిమి ఉంచుతుంది. కర్ర మనవైపు దిగుతూ తిరుగుతుంది కాబట్టి, ఉలి ఆనిన కొద్దీ చక్ మరింత బిగుస్తుంది. వెనక్కి తిప్పితే మాత్రం ఊడొస్తుంది.

ఈ సంగతి తెలిశాక మా వైపు ఏటికొప్పాక గుర్తొచ్చింది. వరాహ నది ఒడ్డు ఊరు. అంకుడు కర్ర, లక్క రంగులు, 2017లో భౌగోళిక గుర్తింపు, ఇవన్నీ తెలిసినవే. ఇప్పుడు మోటారు లేత్‌లు తిరుగుతున్నాయి గానీ, మన పాత చేతి తరిమెన తాడుతోనో విల్లుతోనో నడిచేది. ఒక లాగు ముందుకి, ఒక లాగు వెనక్కి. అలాంటి యంత్రానికి మర ముక్కు పెడితే వెనక్కి తిరిగిన ప్రతిసారీ పట్టు వదులవుతుంది. ఒకే దిక్కుకి ఆగకుండా తిరిగే శక్తి వచ్చాకే ఈ మర ముక్కుకి అర్థం వచ్చింది.

సరే, మర వచ్చింది. ఎనిమిది ఎక్కణ్ణించి వచ్చింది?

పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో ఏ వర్క్‌షాపు మరలు దానివే. ఒక చోట చేసిన బోల్టుకి ఇంకో చోటి నట్టు పట్టేది కాదు. లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే దగ్గర పనిచేసి, తర్వాత మాంచెస్టర్‌లో సొంత వర్క్‌షాపు పెట్టుకున్న జోసెఫ్ విట్‌వర్త్ దీనికొక దారి చూపాడు. రకరకాల వర్క్‌షాపుల నుంచి బోల్టులు తెప్పించి, కొలిచి, సగటు తీశాడు. 1841లో సివిల్ ఇంజినీర్ల సంస్థ ముందు తన పట్టిక పెట్టాడు. మర కోణం 55 డిగ్రీలు, శిఖరాలు గుండ్రం. అర అంగుళానికి 12 చుట్లు, అంగుళానికి 8. అంటే ఈ ఎనిమిది ప్రకృతి సూత్రమేమీ కాదు. అప్పటికే జనం చేస్తున్న పనికి మధ్యేమార్గం, అంతే.

అమెరికాలో ఆ పని చేసినవాడు విలియం సెల్లర్స్. మా ఊరివాడే! 1864 ఏప్రిల్‌లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో తన పద్ధతి వినిపించాడు. 55 డిగ్రీలు కొలవడం కష్టం, గుండ్రటి శిఖరాలు కోయడం కష్టం. 60 డిగ్రీలు పెట్టి శిఖరాలు చదునుగా ఉంచితే మామూలు పనివాడు కూడా చేసేస్తాడన్నది ఆయన వాదన. అర అంగుళానికి 13 అన్నాడు గానీ, అంగుళానికి ఎనిమిదే ఉంచాడు. 1868లో అమెరికా నౌకాదళం ఒప్పుకుంది, రైలు కంపెనీలు అనుసరించాయి. ఆ ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు పిల్లల్ని తీసుకెళ్ళే సైన్సు మ్యూజియం. మా అమ్మాయిని ఎన్నిసార్లు తీసుకెళ్ళానో! ఈ ముక్క నాకు తెలీదు.

ఇక్కడితో కథ సుఖాంతం కావాలి. కాలేదు. 1904 ఫిబ్రవరి 7న బాల్టిమోర్‌లో మంటలు లేచాయి. వాషింగ్టన్ నుంచి, న్యూయార్క్ నుంచి, మా ఫిలడెల్ఫియా నుంచి కూడా అగ్నిమాపక దళాలు రైళ్ళెక్కి వచ్చాయి. మనుషులున్నారు, గొట్టాలున్నాయి, నీళ్ళున్నాయి. గొట్టాల మరలు అక్కడి హైడ్రంట్లకి పట్టలేదు. ముప్పై గంటలు పైగా మండి, పదిహేను వందలకు పైగా భవనాలు పోయాయి. గాలి, ఇరుకు వీధులు కూడా కారణాలే, నిజమే. కానీ బోల్టుకి ఒక పట్టిక ఒప్పించిన ఊరి గొట్టం, నలభై ఏళ్ళ తర్వాత, వంద మైళ్ళ దూరంలో పనికిరాలేదు! ఆ మరుసటేడే గొట్టాల మరలకీ జాతీయ ప్రమాణం వచ్చింది. అన్ని ఊళ్ళూ దానికి మారలేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇదే తలనొప్పి సముద్రం దాటింది. డెట్రాయిట్‌లో ప్యాకార్డ్ కంపెనీ రోల్స్‌రాయిస్ వారి మెర్లిన్ విమాన ఇంజన్లు చేసినప్పుడు, అమెరికా గడ్డ మీద బ్రిటిష్ మరలు కోయాల్సి వచ్చింది. చివరికి 1948 నవంబరులో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని ఒకే మర మీద సంతకాలు పెట్టాయి. 60 డిగ్రీలు నెగ్గాయి. ఆపైన మెట్రిక్ పట్టిక ఉండనే ఉంది. యూరప్ లేత్‌ల మీద కనిపించే ఎం33 × 3.5 అందులోదే.

ఇవన్నీ చదివాక గరాజులోని పది కూడా అర్థమైంది. విట్‌వర్త్ పట్టికకి తోడుగా బ్రిటన్ 1908లో సన్న మరల పట్టిక ఒకటి తెచ్చింది. అందులో అంగుళానికి పది, కోణం అదే 55. అది తప్పు మర కాదు. ఇంకో ఊరి ఒప్పందం. మనిషితో పాటు సముద్రం దాటి వచ్చింది, ఇక్కడ దానికి జోడీ లేదు.

కొత్తదే కొందామని తేల్చుకుని, ఆ మాట చెప్పడానికే రెండోసారి వెళ్ళాను. ఆవిడ ఒక చెక్క పెట్టె తెచ్చి, "ఇదీ దాంతోపాటే పోతుంది, నాకెందుకు?" అంది. లోపల పది పన్నెండు గుండ్రటి కర్ర దిమ్మలు. ప్రతిదాని నడుమా మరలు కోసిన రంధ్రం. అడుగున నూనె గుడ్డలో చుట్టిన ట్యాప్. అంగుళం, పది చుట్లు. బజారులో దొరకనిదాన్ని ఆయన తనే కోసుకున్నాడన్నమాట, ముప్పై ఏళ్ళపాటు.

"ఇది దేనికో మీకు తెలుసా?" అని అడిగాను.

"ఆయనకి తెలుసు" అంది.

లేత్ కొన్నాను. ఇనుప చక్ కోసం ఒక మెషినిస్టు దగ్గర అడాప్టర్ చేయించాను. దానివల్ల కర్ర బేరింగుకి అంగుళం దూరం జరిగింది, పెద్ద గిన్నెలకి కొంచెం అదురుతుంది. చిన్నవాటికి ఆయన దిమ్మలే వాడుతున్నాను. కొత్త దిమ్మలు రెండు నేనూ కోశాను.

ఇంటికి తెచ్చిన రోజే తెల్ల రంగు పెట్టి హెడ్‌స్టాక్ మీద రాశాను: 1 అంగుళం, 10, 55 డిగ్రీలు, ట్యాప్ పెట్టెలో ఉంది. నా తర్వాత ఈ గరాజుకి ఎవరొస్తారో, వాళ్ళ జేబులో ఏ నట్టు ఉంటుందో.