కాల్పనిక ఎత్తు, నిజమైన భయం

1968లో అమెరికా శాస్త్రవేత్త ఐవాన్ సదర్లాండ్ తలకు తగిలించుకొనే కంప్యూటర్ తెరను ప్రదర్శించారు. అందులో కనిపించినవి గీతల బొమ్మలే. తల తిప్పితే దృశ్యమూ మారేది.

1995లో బార్బరా రోత్‌బామ్ బృందం ఇదే సూత్రంతో ఎత్తంటే భయపడే కళాశాల విద్యార్థులకు చికిత్స చేసింది. కంప్యూటర్ సృష్టించిన వంతెనలు, బాల్కనీలు, అద్దాల లిఫ్టు చూపించారు. అవి నిజం కావని తెలిసినా వారికి చెమటలు పట్టాయి, గుండెదడ కలిగింది. వారం వారం అలవాటు చేయగా భయం తగ్గింది. చికిత్స అందనివారిలో అలాంటి మార్పు రాలేదు.

ఇందులోని కీలకం గమనించండి. “ఇది బొమ్మే” అని బుద్ధి చెప్పేదాకా శరీరం ఆగదు. భయాన్ని పోగొట్టిన ఈ గుణమే భయాన్ని పుట్టించగలదు కూడా. కనుక అంతర్జాలంలో ఏదైనా చూసి గుండె వేగం పెరిగితే, నమ్మేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించండి.